తొట్టి కింద చాప

మెదక్,
12 జూన్ 2011

ప్రభువునందు ప్రియమైన రిచర్డ్ బావగారికి, మీ చెల్లెలు ఎలిశిబా భర్త ప్రభాకర్ వ్రాయు వందనములు.

మీరు పంపిన, బరువులెత్తే కరెంటు హాయిస్టు మంగళవారం ఉల్లిగడ్డల డీసీఎం వ్యానులో క్షేమంగా చేరింది. పక్కింటి వీరయ్య, ఇంకో ముగ్గురు కలిసి దించారు. చైనా నుంచి కొత్తవి దిగుతున్నాయని మీ షెడ్డు వాళ్లు ఇంత మంచి యంత్రాన్ని మూలన పడేశారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇల్లు కట్టేవాళ్లు పనికిరాదని పారేసిన రాయే చివరికి మూలరాయి అయింది గదా. ఫోన్ చేద్దామంటే, మీరు అన్నింటికీ "ఆఁ, మంచిది" అంటారు గాని మీ చెవులకు ఏమీ ఆనదని ఎలిశిబా చెప్పింది. అందుకే ఉత్తరం.

దీనితో నాకేం పని పడిందో మీకు సగమే తెలుసు. మా ప్రార్థన మందిరం ఒకప్పుడు బియ్యం మిల్లు గోదాము. బాప్తిస్మాల కోసం ఇనుప తొట్టి చేయించాను, మనిషి పూర్తిగా మునిగేటట్టు. తల మీద నాలుగు చుక్కలు చల్లి పంపేసే పద్ధతి నాకు గిట్టదని మీకు తెలుసు. అయితే ఆ తొట్టి నేల మీద ఉంటే పదిహేను మంది కూర్చునే చోటు పోతోంది. అదీగాక వీరయ్య బర్రె రోజూ సాయంత్రం లోపలికి వచ్చి అందులో తాగి పోతోంది. నేను మందలిస్తే వీరయ్య నన్నే తిరిగి మందలించాడు: "జర వాకిలి ఏసుకోండ్రి పాస్టర్ సాబ్. బర్రెకేం తెల్సు అవి ఏం నీళ్లో." అందుకని తొట్టిని గోదాము ఇనుప దూలానికి వేలాడదీసి, బాప్తిస్మాల రోజున మాత్రం కిందికి దించుకోవాలని నా సంకల్పం.

హాయిస్టు దూలానికి ఎక్కింది. గొలుసు తొట్టికి తగిలించాము. బటన్ నొక్కితే మాత్రం గూం అంటుంది గాని కదలదు. మోటారు ఒళ్లు కాలిపోతోంది. బిలాము గాడిద కదలకపోవడానికి దానికి ఎదురుగా దూత కనబడ్డాడు. దీనికి ఏం కనబడిందో మీరే చెప్పాలి.

మీ బావ,
ప్రభాకర్


జీడిమెట్ల,
20 జూన్ 2011

ప్రభాకర్ బావకు,

దానికి ఏమీ కనబడలేదు. వోల్టేజీ లేదు.

ఈ హాయిస్టు బ్రేకు సంగతి అర్థం చేసుకో. సైకిల్ బ్రేకు నువ్వు నొక్కితే పడుతుంది. ఇది అట్లా కాదు. స్ప్రింగులు ఎప్పుడూ బ్రేకు పళ్లేన్ని నొక్కి పట్టుకునే ఉంటాయి. కరెంటు వచ్చినప్పుడు లోపలి అయస్కాంతం లాగి బ్రేకును విడిపిస్తుంది. కరెంటు పోతే మళ్లీ పట్టుకుంటుంది. అంటే కరెంటు పోయినా బరువు కింద పడకుండా ఉండేందుకే దాన్ని అట్లా చేశారు. మీ దగ్గర వోల్టేజీ చాలక బ్రేకు విడవడం లేదు, మోటారు దానితో పెనుగులాడి కాలుతోంది. అట్లా గూం అంటున్నప్పుడు బటన్ పట్టుకుని ప్రార్థన చేయకు. వెంటనే వదిలెయ్.

పొద్దున ఐదింటికి ఊళ్లో మోటార్లు నడవనప్పుడు ఎత్తి చూడు. అప్పటికీ ఎత్తకపోతే కవరు విప్పి, స్ప్రింగు బోల్టులు ఒక్కొక్కటి ఒక్క చుట్టు వదులు చెయ్. ఒక్క చుట్టే.

మూడు సంగతులు రాయి. ఒకటి, తొట్టి బరువెంత. రెండు, కవరు ఎవరైనా ఇంతకుముందే విప్పారా. మూడు, లోపల నూనె గాని గ్రీజు గాని ఏదైనా పడిందా. గేర్లకు నూనె కావాలి, అది ముందే పోసి సీలు చేసి పంపాను. బ్రేకు పళ్లెం మీద మాత్రం ఒక్క చుక్క పడినా అది బ్రేకు కాదు, జారుడుబండ.

బటన్ వదలగానే టక్కుమనాలి. చప్పుడు పొడిగా ఉండాలి. తొట్టి కింద ఎవరినీ ఉండనివ్వకు.

రిచర్డ్


మెదక్,
5 జూలై 2011

ప్రభువునందు ప్రియమైన బావగారికి వందనములు.

లేచింది. తెల్లవారుజామున ఐదుంబావుకు మా తొట్టి నేలను విడిచి పైకి పోయింది. నలభై మంది విశ్వాసులు చప్పట్లు కొట్టారు. ఆగమ్మ అయితే ఏడ్చింది. ఆమె ఎనభై ఏళ్ల జీవితంలో ఇనుము పైకి పోవడం చూడలేదట. నేను ఏ వేదాంత కళాశాల గడపా తొక్కనివాణ్ణి. పెద్ద చర్చి అయ్యగార్ల మాదిరి ఇంగ్లీషులో పుస్తకాలు చదివినవాణ్ణి కాను. అయినా ఈ ఊళ్లో తలెత్తి చూడవలసిన తొట్టి నాకే ఇచ్చాడు దేవుడు.

మీ ప్రశ్నలకు వరసగా జవాబులు. తొట్టి బరువు రెండు వందల కిలోలు. వెల్డింగు షాపులో కాగితం మీద రాసి ఇచ్చారు. కవరు విప్పినది నేనే. మా దగ్గర ట్రాక్టరు కొన్నా కుట్టుమిషను కొన్నా ముందు నా దగ్గరికే తెస్తారు, నేను చేయి పెట్టి ప్రార్థించి పంపిస్తాను. మీ హాయిస్టుకు మాత్రం పైపైన చేసి ఊరుకుంటానా? మనుషులు పై రూపాన్ని చూస్తారు, దేవుడు లోపలి హృదయాన్ని చూస్తాడు. కాబట్టి కవరు విప్పి లోపలికే ప్రార్థించాను.

మూడో ప్రశ్నకు జవాబు రాయడానికి కాగితంలో చోటు చాలడం లేదు.

అయితే ఒక మాట. దేవుని మందసం బండి మీద పోతూ ఉంటే ఎడ్లు తొట్రుపడ్డాయి, ఉజ్జా అనేవాడు పడిపోతుందేమోనని చేయి చాపి పట్టుకున్నాడు. పట్టుకున్నందుకే చచ్చిపోయాడు. దేవుడు మోస్తున్నదాన్ని మనం ఆపనక్కరలేదని దాని అర్థం. ఈ సంగతి మీద నేను పోయిన ఆదివారం గంటా నలభై నిమిషాలు మాట్లాడాను. మాట్లాడి ముగించి పైకి చూస్తే తొట్టి జానెడు కిందికి దిగి ఉంది. బటన్ ఎవరూ ముట్టలేదు. కొంచెం ఆశ్చర్యం వేసింది.

మీ బావ,
ప్రభాకర్


జీడిమెట్ల,
14 జూలై 2011

బావా,

నాకు ఆశ్చర్యం వేయలేదు, భయం వేసింది. టన్ను మోసే హాయిస్టుకు రెండు వందల కిలోలు లెక్కలోది కాదు. అంత చిన్న బరువుకు జానెడు జారిందంటే బ్రేకు పట్టడం లేదు.

ఒక పరీక్ష చెయ్. తొట్టిని నేలకు జానెడు ఎత్తు లేపి ఆపు. గొలుసు లోపలికి పోయే చోట సుద్దముక్కతో గీత పెట్టు. పది నిమిషాలు ఆగి చూడు. గీత ఉన్నచోటే ఉండాలి. వెంట్రుకవాసి కదిలినా ఆ హాయిస్టును వాడొద్దు, నేను వచ్చిందాక తొట్టి నేల మీదే ఉండాలి.

ఉజ్జా గురించి నాకు తెలియదు. మూడో ప్రశ్న మళ్లీ రాస్తున్నాను, కింద గీత కూడా పెట్టాను. లోపల నూనె పడిందా?

రిచర్డ్


మెదక్,
22 ఆగస్టు 2011

ప్రభువునందు ప్రియమైన బావగారికి,

ఆలస్యమైనందుకు క్షమించండి. ఇక్కడ ఉజ్జీవం వచ్చింది, జనంలో భక్తి రగిలింది. ఊపిరి తీసుకునే తీరిక లేదు.

మీరు చెప్పిన సుద్ద గీత పెట్టాను. నేలకు జానెడు ఎత్తులో పెడితే ఎవరికి కనిపిస్తుంది? అందుకని తొట్టిని పూర్తిగా పైకి లేపి, గొలుసు మీద గీత పెట్టి, ఆదివారం ప్రసంగం మొదలుపెట్టాను. అంతిమ దినాల గురించి. గడియ దగ్గర పడిందని నేను అన్నప్పుడల్లా జనం పైకి చూడడం, ఆ గీత అంగుళం దిగి ఉండడం. గంట గడిచేసరికి తొట్టి జానెడు దిగింది. ఎవరూ ఏమీ అనకముందే ఆగమ్మ లేచి నిలబడింది. పోయిన ఏడాది కల్లుకాంపౌండు పక్కింటి కోడిని తన గంప కింద మూసింది తానేనని ఒప్పుకుంది. "ఇగ ఆపుండ్రి అయ్యా దాన్ని, జెప్పేసిన గద" అని తొట్టితోనే అంది.

మరు వారం వీరయ్య వచ్చాడు. మా మతం కూడా కాదు, బర్రెను వెతుక్కుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. తొట్టి దిగుతూ ఉంటే అతని మొహం పాలిపోయింది. నాలుగేళ్ల కింద పొలం గట్టు రాయి రెండు బారలు జరిపింది నిజమేనని అందరి ముందూ చెప్పి, సోమవారం పోయి వెనక్కి పెట్టి వచ్చాడు. ఈ ఊళ్లో రెవెన్యూ వాళ్లు, పోలీసు వాళ్లు చేయలేని పని ఒక తొట్టి చేసింది. ఇప్పుడు మందిరంలో నూట ఎనభై మంది. టేక్మాల్ నుంచి, అల్లాదుర్గ్ నుంచి ఆటోలు కట్టుకుని వస్తున్నారు. బెల్షస్సరు రాజుకు గోడ మీద చేయి కనబడి రాసింది. మాకు గొలుసు మీద సుద్ద గీత రాస్తోంది.

బావగారూ, మీరు దీన్ని రిపేరు అంటున్నారు. నేను పరిచర్య అంటున్నాను. నూనె విషయం మీరు అన్యుల లాగా అడుగుతున్నారు. ఇశ్రాయేలు రాజులందరి తల మీదా నూనె పోసే సింహాసనం ఎక్కించారు. వాళ్లలో ఎవరూ జారి పడలేదు.

మీ బావ,
ప్రభాకర్


జీడిమెట్ల,
30 ఆగస్టు 2011

బావా,

వాళ్లు దూలానికి వేలాడలేదు.

మెల్లగా దిగుతోందని నువ్వు సంతోషపడుతున్నావు. జారే బ్రేకు మెల్లగా దిగి దిగి ఒకనాడు మెల్లగా దిగదు. అది ఏ వారమో నీకూ తెలియదు, నాకూ తెలియదు, తొట్టికీ తెలియదు.

నేను దేవుణ్ణి గురించి అడగడం లేదు. ఒకటే అడుగుతున్నాను. ప్రసంగం జరిగేటప్పుడు తొట్టి కింద కూర్చునేది ఎవరు?

రిచర్డ్


మెదక్,
25 సెప్టెంబరు 2011

రిచర్డ్ అన్నకు, నీ చెల్లె ఎలిశిబా వ్రాయునది.

నీ ఉత్తరాలన్నీ ఆయన బైబిలు సంచిలో దొరికినయి. ఆయన శివ్వంపేటలో ప్రార్థన ఉందని సైకిలు మీద పోయిండు. బస్సులు లేవు గద. తెలంగాణ సమ్మె మొదలై పన్నెండు రోజులైంది, బడులు బంద్, ఆఫీసులు బంద్. పోస్టు మాత్రం ఒక జీపులో వస్తున్నది, అందుకే రాస్తున్న. ఆయన చెప్పనివి నేను చెప్తా.

ఆ తొట్టి రెండు వందల కిలోలు అన్నది నిజమే, వెల్డింగు షాపులో. ఇప్పుడు దాంట్లో నీళ్లున్నయి. నల్లా నాలుగు రోజులకోసారి వస్తది, ఒక్కసారి నింపాలంటే ఆడవాళ్లం రెండు రోజులు మోయాలె. అందుకని నింపినంక పారబోయకుండా నీళ్లతోనే పైకి లేపిండు. మూడు డ్రమ్ములు నిండా పట్టినయి. బర్రె కూడా తాగకుంట ఉంటది అన్నడు.

బోల్టులు ఒక్క చుట్టు వదులు చెయ్యమని నువ్వు రాసినవు. ఆయన ఏడు చుట్లు తిప్పిండు. ఎందుకు అంటే, యెరికో గోడ ఒక్క చుట్టుకు కూలలేదు, ఏడోనాడు ఏడు చుట్లు తిరిగినంక కూలింది అన్నడు. గోడలు కూలాలె గని మనకు తొట్టి కూలొద్దు గదా అని నేనంటే, నాకు వాక్యం తెల్వదన్నడు.

ఇగ నూనె. కొబ్బరి నూనె అన్నా, నేను తలకు రాసుకునే సీసా. మొదటినాడు కవరు విప్పి అభిషేకం అని సగం సీసా లోపల పోసిండు. తొట్టి దిగుతున్నదని తెలిసినంక శనివారం శనివారం నిచ్చెన ఎక్కి, బలపడాలని ప్రార్థించి మళ్ల పోస్తున్నడు. నాలుగు సీసాలు అయినయి. ఎంత పోస్తే అంత దిగుతున్నది, ఎంత దిగితే అంత జనం వస్తున్నరు, ఎంత జనం వస్తే అంత పోస్తున్నడు. ఆయన దొంగ కాదు అన్నా. నిజంగనే నమ్ముతున్నడు. అందుకే నాకు భయం.

కింద కూర్చునేది ఎవరని అడిగినవు. నేనే. ఆయన ప్రసంగం చెప్పే స్టాండుకు ఎడమ పక్కన చాప ఏసుకుని డోలక్ వాయించేది నేనే గద, పదేండ్ల సంది అదే జాగ. జూన్ నుంచి దాని మీదనే తొట్టి ఉన్నది. నీళ్లు తొణికి నెత్తి మీద చుక్కలు పడుతుంటయి, నేను వాయిస్తుంట. జరుగుతా అంటే నువ్వే జరిగితే జనం విశ్వాసం ఏమైతది అన్నడు. ఇప్పుడు దించుదామన్నా కరెంటు ఉంటలేదు. గంట సేపు వస్తే ఆయన మళ్ల పైకి లేపుతున్నడు. అక్టోబరు తొమ్మిదిన బాప్తిస్మాలు పెట్టిండు. ఏం చెయ్యాల్నో చెప్పు.

నీ చెల్లె,
ఎలిశిబా


జీడిమెట్ల,
1 అక్టోబరు 2011

ఎలిశిబాకు,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది.

మొదట చాప తీసెయ్. ఇంకెవరినీ ఆ కిందికి పోనివ్వకు. నీళ్లు తోడడానికి కూడా నిచ్చెన వేయొద్దు. తోడాలంటే దాని కిందికే పోవాలి.

పళ్లేన్ని పట్టి ఆపే కొత్త బ్రేకు లైనింగులు రెండు పోస్టు పార్శిల్ చేస్తున్నాను. నూనె తాగిన పాత వాటిని కడిగినా, ఎండబెట్టినా పనికిరావు, పారేయాలి. ఎట్లా బిగించాలో బొమ్మ వేసి లోపల పెడతాను. పానా నువ్వే పట్టు. అతని చేతికి ఇవ్వకు.

నేనే రావాల్సింది. బస్సులు లేకపోవడం ఒక్కటే కారణమని నిన్న మొన్నటి దాకా నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. బ్రేకును చూసి ఎవరూ పాస్ చేయరు, విని పాస్ చేస్తారు. బటన్ వదిలినప్పుడు టక్కుమంటే మంచిది, టప్పుమంటే లోపల ఏదో ఉంది. ముప్పై ఏళ్లు నేను అట్లాగే విని సంతకం పెట్టాను. ఈ షెడ్డులో సుత్తెల మోతకు నా చెవులు పోతున్నాయని ఎవరికీ చెప్పలేదు. పోయిన సంక్రాంతి ముందు ఒక హాయిస్టు పరీక్ష చేసి, టక్కు వినబడలేదు గాని వినబడినట్టు సంతకం పెట్టాను. అది ఎత్తిన బరువు జారి రత్నాకర్ పాదం మీద పడింది. నా పక్కన ఇరవై ఏళ్లు పని చేసినవాడు. ఇప్పుడు నన్ను స్టోరు కిటికీ దగ్గర కూర్చోబెట్టి నట్లు పంచిపెట్టమన్నారు. పాదం పోయినవాడు, నేను అడగకపోయినా, నేను చెవిటివాణ్ణని పైవాళ్లకు చెప్పలేదు. అందుకే నౌకరి మిగిలింది.

నీ దగ్గరికి వచ్చినా నేను వినలేను. నీకు మంచి చెవులున్నాయి. చిన్నప్పటి నుంచి తాళం తప్పనిదానివి.

ప్రభాకర్‌కు నేను ఇక రాయను. నువ్వు ఎట్లా చెబుతావో నీకు తెలుసు.

అన్న,
రిచర్డ్


మెదక్,
10 అక్టోబరు 2011

రిచర్డ్ బావగారికి,

నిన్న జరిగినది రాస్తున్నాను. వాక్యాలు ఎక్కువగా గుర్తుకు రావడం లేదు. వచ్చినవి రాస్తాను.

శనివారం మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. తొట్టి ఇంకా పైనే ఉంది, బటన్‌తో దించే వీలు లేదు. ఆదివారం రెండు వందల మంది వచ్చారు. సమ్మె కమిటీ ఇంద్రకరణ్ రోడ్డు మీది రాస్తారోకో ముగించి, పదిమందితో, వాళ్లమ్మ వజ్రమ్మతో సహా వచ్చాడు. తెలంగాణ వస్తుందో రాదో తొట్టిని చూస్తే తెలుస్తుందని ఎవరో చెప్పారట. మూరెడు దిగితే ఈ ఏడే వచ్చినట్టు అని వాళ్లలో వాళ్లే నిర్ణయించుకున్నారు. నేను కాదనలేదు. అది నా తప్పుల్లో ఒకటి.

ప్రసంగం సిలోయము గోపురం మీద. ఆ గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. చనిపోయినవాళ్లు మిగతావాళ్ల కన్నా పాపులా అని ప్రభువే అడిగిన ప్రశ్న. నేను నోరు తెరవబోతుండగా ఎలిశిబా లేచింది. చాప చుట్టింది. డోలక్, చాప తీసుకుపోయి వాకిలి బయట పెట్టింది. తిరిగి వచ్చి నా స్టాండును రెండు చేతులా ఈడ్చి, తాను పదేళ్లుగా కూర్చునే చోట నిలబెట్టింది. అందరూ వినేటట్టు అంది:

"సైగ జేసేది దేవుడైతే నువ్వు కింద నిలబడు. పుల్లీ జారుతున్నదంటే, నేనెందుకు కూసోవాలె?"

నిలబడ్డాను బావగారూ. నిలబడక ఏం చేస్తాను. మొదటి చుక్క నా పుస్తకం మీద పడింది. రెండోది మెడ వెనక. మీ చెల్లెలు ఇన్ని నెలలు ఆ చుక్కల కింద తాళం తప్పకుండా ఎట్లా వాయించిందో నాకు అప్పుడే తోచింది. ఇంకొకటి కూడా తోచింది. పౌలుగారు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి కింద పడ్డాడు. ఆ పడినవాడు మెలకువగా ఉండవలసిందని నేను ఇరవై ఏళ్లుగా బోధించాను. ప్రసంగం కాస్త ముందే ముగించి ఉండవచ్చని ఒక్కసారీ అనుకోలేదు.

గొలుసు కిర్రుమంది. జనం గొంతులు కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు, ఒక అంగుళం, రెండంగుళాలు. ఇంద్రకరణ్ మనుషులు ఈలలు వేశారు. నేను పుస్తకం మూసేసి చెప్పేశాను. నూనె పోసింది నేనే, ఏడు చుట్లు తిప్పింది నేనే, నీళ్లు ఉన్నాయని దాచింది నేనే. తొట్టికి మీ పాపాలు తెలియవు, దానికి కొబ్బరి నూనె ఒక్కటే తెలుసు. నా జీవితంలో అంత చిన్న ప్రసంగం లేదు. పదకొండు నిమిషాలు.

మొదట వీరయ్య లేచాడు.

"అంటే గట్టు రాయి నేను ఊకెనే జరిపిన్నా?"

రాయి మళ్లీ మునుపు తాను జరిపిన చోటికే పెడతానని బయలుదేరాడు. పక్క పొలంవాడు అక్కడే ఉన్నాడు, అడ్డం తిరిగాడు. ఆగమ్మ తన కోడి తనకు ఇప్పించమంది. దొంగిలించిన కోడి ఆమెది ఎట్లా అవుతుందని ఒకరు, ఒప్పుకున్నది నూనె వల్ల గనుక ఆ ఒప్పుకోలు చెల్లదని ఇంకొకరు. ఆ కోడిని తిరిగి తీసుకున్నవాళ్లు ఆ వారమే వండుకు తిన్నారట. రెండు మూడు నెలల్లో ఒప్పుకున్న పాపాలన్నీ ఒక్కసారి వెనక్కి అడగడం మొదలుపెట్టారు. వీరయ్య రాయి దగ్గరికి పోతూ ఉంటే చూడడానికి మొత్తం జనం వాకిలి బయటికి కదిలారు. కొట్టుకుంటారేమోనని నేనూ వాళ్ల వెనకే పరుగెత్తాను. గోదాములో ఒక్క మనిషి మిగల్లేదు.

అప్పుడు వెనక గొలుసు ఉరికిన చప్పుడు. తొట్టి పడింది.

నీళ్లు వాకిలి నుంచి కాలువలా తన్నుకు వచ్చి అందరినీ నిలువునా తడిపాయి. ఆగమ్మ కూలబడి నీళ్లలో మునిగి లేచింది. ఇంద్రకరణ్, అతని పదిమంది, వీరయ్య, బర్రె, అందరూ. వజ్రమ్మ కొడుకును పట్టుకుని నా దగ్గరికి లాక్కొచ్చి, ఇప్పుడు వీడు మీ మతంలో కలిసినట్టేనా, వచ్చే ఏడు బతుకమ్మకు ఏం చేయాలె అని నిలదీసింది. మునిగితేనే బాప్తిస్మం, తడిస్తే కాదు అని నేను ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చింది. తల మీద చుక్కలు చల్లే పద్ధతి తప్పని నేను ఇన్నేళ్లు వాదించింది ఆ ఒక్క గడియలో ఊరికి పనికొచ్చింది. బర్రె సంగతి ఎవరూ అడగలేదు. తెలంగాణ సంగతి మాత్రం ఇంద్రకరణ్ అడిగాడు. మూరెడు కాదు, మొత్తమే దిగింది గదా అని సంతోషంగా పోయాడు.

గుంపు పోయాక లోపలికి వెళ్లాను. నా స్టాండు అగ్గిపుల్లలయింది. తొట్టిని నలుగురం కలిసి పక్కకు ఒరిగించాం. కింద నేల మీద నలుచదరంగా ఒక తెల్లటి గుర్తు ఉంది. పదేళ్లుగా చాప పరిచిన చోటు, దుమ్ము అంటని చోటు. తొట్టి అంచు సరిగ్గా దాని అంచుకే కూర్చుంది. 

మీ మూడో ప్రశ్నకు జవాబు: పడింది బావగారూ. నేనే పోశాను.

ప్రభాకర్


మెదక్,
6 నవంబరు 2011

రిచర్డ్ అన్నకు ఎలిశిబా వ్రాయునది.

పార్శిల్ బస్సులు నడిచినంకనే అందింది. నువ్వు వేసిన బొమ్మను గోడకు అంటించి, నిచ్చెన ఎక్కి, పానా నేనే పట్టిన. ఆయన కింద నిచ్చెన పట్టుకున్నడు. ఏడు చుట్లు మళ్ల వెనక్కి తిప్పిన. తిప్పేటప్పుడు యెరికో గురించి ఆయన ఏదో అనబోయిండు, నేను కిందికి చూసిన, ఊకున్నడు. పాత లైనింగులు పిండితే నూనె కారింది. కొబ్బరి వాసన.

తొట్టి ఒక మూల సొట్ట పడ్డది గాని కారుతలేదు. ఇప్పుడు ఖాళీదే పైకి లేపుతున్నం. నీళ్లు బాప్తిస్మాలనాడే మోస్తున్నం, వజ్రమ్మ కూడా రెండు బిందెలు తెచ్చింది. జానెడు ఎత్తులో ఆపి సుద్ద గీత పెట్టిన. పది నిమిషాలు కాదు, అన్నం వండి దించి వచ్చి చూసిన. గీత గీసిన కాడనే ఉన్నది.

జనం మళ్ల నలభై మందే. వీరయ్య రాయి తెచ్చి నడిమిట్ల పెట్టిండు, అటు కాదు ఇటు కాదు, ఇద్దరూ ఊకున్నరు. ఆయన ప్రసంగం మళ్ల రెండు గంటలు నడుస్తున్నది. నా చాప ఇప్పుడు వాకిలి పక్కన. నూనె సీసా నా పెట్టెల ఉన్నది, తలకు రాసుకుంటున్న.

రత్నాకర్ అన్న ఇంటికి పో. ఆయన అడగలేదంటే మరిచిపోయిండని కాదు. పోయి చెవులు పోయినయని నీ నోటితోని చెప్పు.

నువ్వు వినలేవు గనుక రాస్తున్న. బటన్ నొక్కి లేపిన, వదిలిన. కళ్లు మూసుకుని విన్న. మూడు సార్లు విన్న, మూడు సార్లూ ఒకటే తీరు.

టక్.

పొడిగ.

నీ చెల్లె,
ఎలిశిబా